దాలయ్యలో మిగతా సగం

రౌతు దాలయ్య చనిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన అస్థికలు వంశధారలో కలిసిపోయాయి. ఒక వెంట్రుక గానీ, ఒక పన్ను గానీ భూమ్మీద మిగల్లేదు. అయినా ఆ సోమవారం ఉదయం, విశాఖపట్నంలో రుషికొండ దగ్గరి ప్రయోగశాలలో ఆయన సగం తిరిగొచ్చాడు.

"వచ్చాడు. చూడు వారిజా, వచ్చేశాడు" అంది రెబ్కా, కుర్చీలోంచి లేచి నిలబడి.

వారిజ టీ కప్పు ఎక్కడో పెట్టేసి తెర దగ్గరికి పరుగెత్తింది. తెర మీద ఇరవై మూడు జతల నిలువు గీతలున్నాయి. ప్రతి జతలోనూ ఎడమవైపు గీత కింది నుంచి పైకి ఆకుపచ్చగా నిండుతోంది. వర్షాకాలం మొదట్లో చెరువులు నిండినట్టు ఒకటి తర్వాత ఒకటి నిండాయి. చివరి గీత కూడా నిండాక ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఏడేళ్ళ పని అది.

ఆ యంత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పూర్వదర్శిని. బతికున్న మనవల, మునిమనవల ఉమ్మి తీసుకుని, పెద్దాయన జన్యువుల్లో ఏ ముక్క ఎవరికి వచ్చిందో పోల్చి, ముక్కలన్నీ అతికి, ఎప్పుడో పోయిన మనిషి రాతను తిరిగి రాస్తుంది. ఒకే చీర పేలికలు పదిళ్ళలో ఉంటే, అంచులు చూసుకుంటూ మళ్ళీ చీరంతా కుట్టినట్టు. దానికి కావలసినవి రెండే. ఉమ్మి, తప్పులేని వంశవృక్షం. ఒక్క పేరు తప్పు కొమ్మ మీద ఉన్నా ముక్కలు అతకవు. యంత్రానికి లెక్క నేర్పింది రెబ్కా. జన్యువుల సంగతి వారిజది. మొదటి మనిషిగా తన ముత్తాత దాలయ్యను ఎంచుకున్నది కూడా వారిజే. అందుకు కారణం ఉంది.

ఆ ఇంట్లో మగవాళ్ళకు నలభై దాటితే గుండె గోడలు మందమవుతాయి. దాలయ్య కొడుకు సన్యాసి నలభై ఆరో ఏట పొలంలో కూలిపోయాడు. సన్యాసి కొడుకు, అంటే వారిజ తండ్రి, నలభై నాలుగో ఏట బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఇప్పుడు వారిజ అన్న మన్మథరావుకు నలభై రెండు. అతని గుండె కూడా మందమైంది.

కానీ దాలయ్య తొంభై మూడేళ్ళు బతికాడు. ఎనభై దాటాక కంటి ఆపరేషనుకని తీసుకెళితే గుండె పరీక్ష చేసిన డాక్టరు నివ్వెరపోయాడట. అదే జబ్బు, కొడుకు ప్రాణం తీసిన జబ్బే ఆయన ఛాతీలో ఉంది. అయినా ఆయన ఏమీ ఎరగనట్టు నడిచొచ్చి, నడిచి వెళ్ళిపోయాడు. ఆయనలో ఆ జబ్బును అణిచి ఉంచిన మరో జన్యువు ఏదో ఉండాలి. దాన్ని కనిపెడితే గుండె కణాల్లోకి రాసి పంపే మందు ఇప్పుడుంది. ఏం రాయాలన్నదే ఎవరికీ తెలియదు.

ఆనందం తగ్గాక రెబ్కా మళ్ళీ కుర్చీలో కూర్చుని, కుడివైపు గీతలు చూపించింది. అవన్నీ నల్లగా ఉన్నాయి.

"ఇవి?"

"ఇవి నిండవు" అంది వారిజ. "మనకి దొరికినవాళ్ళంతా సన్యాసి తాత పిల్లలే. ఆయనకి తండ్రి నుంచి వచ్చింది సగమే. ఆ సగంలో జబ్బుంది. కాపాడేది ఉండుంటే సన్యాసి తాత బతికేవాడు కదా."

"అంటే మనం వెతికేది ఈ నల్లటి సగంలో ఉంది."

"అవును. దాలయ్య తాతకి ఇంకో బిడ్డ ఉంటే తప్ప అది దొరకదు. రెండో కొడుకు ఒకడుండేవాడు గానీ, యుద్ధమప్పుడు పసివాడిగానే రంగూన్లో చనిపోయాడు."

*

ఆదివారం వారిజ కంచరపాలెంలో అన్నయ్య ఇంటికి వెళ్ళింది. మన్మథరావు వాలీబాల్ కోచ్. డాక్టర్లు మైదానంలోకి దిగొద్దన్నాక, అరుగు మీద కుర్చీ వేసుకుని, ఈల నోట్లో పెట్టుకుని, వీధి పిల్లల చేత ఆడిస్తున్నాడు.

"ఏటే చిన్నీ, మొహం వెలిగిపోతంది. ముసలాయన దొరికాడేటి?"

"సగం దొరికాడు."

ఆమె చెప్పిందంతా విని అతనన్నాడు. "సొంత బిడ్డలు లేకపోతే తమ్ముడి బిడ్డలు పనికి రారా? దాలయ్య తాతకి అప్పన్నని తమ్ముడుండీవాడు. రంగూన్ నుంచి వచ్చాక ఊరికి రాలేదు. ఖరగ్‌పూర్ రైల్వేలో చేరిపోయాడని నాన్న అనీవాడు."

వారిజ కుర్చీ ముందుకు లాక్కుంది. తమ్ముడి సంతానం సంగతి ఆమెకు తట్టకపోలేదు. అన్నదమ్ముల్లో కొన్ని ముక్కలు ఉమ్మడిగా ఉంటాయి. దాంతో నల్లటి సగంలో కొంతైనా తేలుతుంది. కానీ అప్పన్న ఎక్కడికి పోయాడో ఇంట్లో ఎవరికీ తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆమె అక్కడే ఫోన్ తీసి, వంశవృక్షాలు పెట్టుకునే 'బంధుజాలం' అనే సైటులో రౌతు అప్పన్న, ఖరగ్‌పూర్ అని కొట్టింది.

ఒక మహావృక్షం తెరుచుకుంది.

అప్పన్న, అతని భార్య, పెద్ద కూతురు పైడమ్మ, పెద్ద కొడుకు బర్మయ్య, ఖరగ్‌పూర్లో పుట్టిన మిగతా పిల్లలు, వాళ్ళ పిల్లలు. టెక్కలి దగ్గరి సొంతూరు నుంచి బరంపురం దాకా ఆడపడుచులను ఇచ్చిన ఇళ్ళు, వియ్యంకుల ఇంటిపేర్లు, ఎవరు ఎక్కడ పనిచేశారు, ఎవరికి ఎవరి పోలిక. ఒక మనిషి ఊరూరా తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని రాసుకుంటే తప్ప రాని వివరాలు. పైగా బంధువులు ఎందరి చేతనో ఉమ్మి పరీక్ష చేయించి, ఆ ఫలితాలు కూడా వాళ్ళ పేర్ల పక్కనే పెట్టాడు. కింద ఒక మాట ఉంది. 'ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకునే ముందు నాకు ఒక్క మాట చెప్పండి. రౌతు జగ్గారావు, విశ్రాంత ఉపాధ్యాయుడు.'

జగ్గారావు బర్మయ్య కొడుకు.

"వదినా, పెసరట్టు వద్దు. నేను ల్యాబుకి వెళ్ళాలి" అంటూ లేచింది వారిజ.

"తిని వెళ్ళు. ముసలాయన ఎక్కడికీ పోడు" అన్నాడు మన్మథరావు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆటోలో కూర్చుని చెట్టు మొత్తం దింపేసుకుంది. చెప్పవచ్చులే, ముందు అతుకుతుందో లేదో చూద్దాం అనుకుంది.

*

"ఆయన్ని అడిగావా?" అంది రెబ్కా.

"అడుగుతాను."

జగ్గారావు చెట్టును తన చెట్టు పక్కన పెట్టి, దాలయ్య, అప్పన్నల తండ్రి దగ్గర రెండిటినీ కలిపింది వారిజ. యంత్రం చకచకా కదిలింది. అప్పన్న కూతుళ్ళు అతికారు. చిన్నకొడుకులు అతికారు. బర్మయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి గుర్తు వెలిగి అంతా ఆగిపోయింది.

రెబ్కా మళ్ళీ నడిపించింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈయన అప్పన్న కొడుకు కాడు" అంది. "మాస్టారి చెట్టులో తప్పుంది. ఆ కొమ్మ తీసేసి నడుపుదామా?"

వారిజ తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళు జగ్గారావు పేరు పక్కనున్న అంకె మీద ఉన్నాయి. అతనికీ ఆమెకీ ఉమ్మడిగా ఉన్న భాగం అది. అంత దూరపు చుట్టరికానికి ఉండవలసిన దానికి నాలుగింతలుంది.

"కొమ్మ తీసెయ్యొద్దు. కట్టు విప్పెయ్. ఎక్కడ అతుకుతాడో యంత్రాన్నే వెతుక్కోనీ."

రెబ్కా కట్టు విప్పింది. తెర మీద బర్మయ్య పేరు, అతని పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కో కొమ్మ దగ్గరా ఆగి, కాదని కదులుతూ వచ్చింది. దాలయ్య కింద, సన్యాసి పక్కన ఆగింది. మరి కదల్లేదు.

నల్లటి గీతల్లో మొదటి ఆకుపచ్చ చుక్క వెలిగింది. తర్వాత ఇంకొకటి. ఇటొక ముక్క, అటొక ముక్క, వానకు తడిసిన నేల మీద గడ్డి మొలిచినట్టు కుడివైపంతా పచ్చటి మచ్చలు లేచాయి.

"కొడుకు" అంది వారిజ. "రంగూన్లో చనిపోయాడన్న రెండో కొడుకు ఈయనే. చనిపోలేదు రెబ్కా. ఖరగ్‌పూర్లో పెరిగాడు."

రెబ్కా ఆమెను వాటేసుకుని గిరగిరా తిప్పింది. పక్క గదిలోంచి జనం వచ్చి ఏమైందని అడిగారు. ఆ సందడిలో, ఆ ఊపులో, ఇతర ప్రయోగశాలల వాళ్ళు సరిచూస్తారని వారిజ సవరించిన వృక్షాన్ని బంధుజాలంలో పెట్టేసింది. ఆ చెట్టుతో ముడిపడిన ప్రతి ఫోనుకీ ఆ సైటు వెంటనే ఒక సందేశం పంపుతుందని ఆమెకు తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

*

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"వారిజంటే నువ్వేనా అమ్మా? నా పేరు జగ్గారావు. ఖరగ్‌పూర్ నుంచి."

"నమస్కారం చిన్నాన్నా. నేనే మీకు..."

"నిన్న మా ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. బర్మయ్య అప్పన్న కొడుకు కాదట, సవరించారట. ఎవరు సవరించారు? నాకు తెలీని మనిషి. దేంతో సవరించారు? నేను ఇరవై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగి కట్టిన చెట్టుతో." ఆయన గొంతు పెద్దది చేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "ఏటా మా తాత అప్పన్న పోయిన రోజున ఆయన పేర బట్టలు పెట్టేది నేనేనమ్మా. మా నాన్న తర్వాత ఇంటికి పెద్దని. ఈ ఆదివారం పెట్టాలి. మా చిన్నాన్న కొడుకు త్రినాథ్ నిన్న నలుగురిలో అన్నాడు, నువ్వు పెట్టకూడదన్నయ్యా, నువ్వు మా తాత మనవడివి కాదట కదా అని. అరవై అయిదేళ్ళొచ్చాక ఆ మాట వినాల్సొచ్చింది."

వారిజ క్షమాపణ చెప్పబోయింది. ఆయన ఆగలేదు.

"అందరూ వాడుకోమనే పెట్టాను. ఒక్క మాట చెప్పమన్నాను, అంతే. అది కూడా బరువైపోయిందా?"

ఫోన్ పెట్టేశాడు. ఆమె వెంటనే తన వృక్షాన్ని తీసేసింది. కానీ చూసినవాళ్ళు చూశారు.

అదే వారం మన్మథరావుకు పరీక్షలు చేసిన డాక్టరు, ఇక మెట్లు కూడా ఎక్కించవద్దని అతని భార్య కస్తూరికి చెప్పాడు. జగ్గారావు, ఆయన చెల్లెళ్ళ ఉమ్మి పరీక్షలు చుట్టరికం తేల్చడానికి సరిపోయాయి గానీ, మందు రాయడానికి చాలవు. ఒక్కో అక్షరం చదవాలంటే వాళ్ళ రక్తం కావాలి. వారిజ జరిగింది దాచకుండా అన్నకు చెప్పింది.

"ఫోన్లో అడిగీ మాట కాదిది. వెళ్ళు" అన్నాడతను. "వెళ్ళి, మా అన్న చచ్చిపోతన్నాడని మొదలెట్టకు. ముందు నీ తప్పు నువ్వు ఒప్పుకో. నా సంగతి ఆ తర్వాత."

*

ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగేసరికి తెల్లవారింది. ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగలేదు. తెలుగువాళ్ళ పేట నింపురాలో రిక్షా దిగితే, బెంగాలీ దుకాణాల మధ్య, శ్రీకాకుళం సంతలో వినిపించే తెలుగు వినిపించింది. జగ్గారావు ఇల్లు అడిగితే ఒకావిడ గుమ్మం దాకా తీసుకెళ్ళి దిగబెట్టింది.

జగ్గారావు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గుమ్మంలో ఆయన నిలబడ్డ తీరు చూసి వారిజ అక్కడే ఆగింది. ఒక భుజం కాస్త కిందికి వాల్చి నిలబడటం అచ్చం తన తండ్రిదే.

"నేను వారిజనండి. మిమ్మల్ని అడక్కుండా మీ కష్టం తీసుకున్నాను. అడక్కుండా అందరికీ చాటాను. తప్పు నాది. ఆ మాట ఎదురుగా చెబుదామని వచ్చాను."

ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. "లోపలికి రా. దూరం నుంచి వచ్చావు. మంచినీళ్ళు తాగు" అన్నాడు. కుర్చీ మాత్రం చూపించలేదు.

లోపల త్రినాథ్ ఉన్నాడు. ఆదివారం బట్టలు ఎవరు పెట్టాలో తేల్చుకోడానికి వచ్చినట్టున్నాడు. మూల మంచం మీద ఒక ముసలావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పన్న కూతురు పైడమ్మ. తొంభై దాటింది, చూపు ఆనదు గానీ చెవులు మాత్రం చురుకు.

"ఎవులే ఆ పిల్ల?"

"దాలయ్య మునిమనవరాలంట అత్తా" అన్నాడు జగ్గారావు.

గదిలో ఎవరూ ఎదురుచూడని పని చేసింది పైడమ్మ. రెండు చేతులూ చాచింది. వారిజ దగ్గరికి వెళితే, ముఖమంతా వేళ్ళతో తడిమి చూసింది.

"మా పెదనాన్న మునిమనవరాలివా? నీకోసరవే ఉన్నట్టున్నాను నాను ఇన్నాళ్ళూ." జగ్గారావు వైపు తిరిగింది. "ఫోన్లు మోగిన కాణ్ణించి మీరు కొట్టుకు సస్తన్నారు. ఒక్కడైనా నన్నడిగినాడేట్రా?"

"నీకేం తెలుసత్తా?" అన్నాడు త్రినాథ్.

"రంగూన్ నుంచొచ్చిన ఆ నడకలో ఉన్నదాన్ని నానొక్కతినే మిగిలినాను. నాకు తెలక ఎవులికి తెలుస్తాది?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

"నాకప్పుడు ఏడేళ్ళు. అన్నదమ్ములిద్దరూ రంగూన్లో బియ్యం మిల్లులో పనిసేసీవోరు. ఊర్లో మా నాయనమ్మ పోతే దాలయ్య పెదనాన్న పెద్దకొడుకుని తీసుకోని ఓడెక్కినాడు. మా పెద్దమ్మ అప్పుడే పురుడోసుకుంది, సంకలో మగపిల్లోడు. అందికని మాకాడ ఉంచీసి ఎల్లినాడు. ఈలోగా జపానోళ్ళ బాంబులు పడ్డాయి. మా పెద్దమ్మ బజారుకెల్లినాది, మరి రాలేదు.

"రంగూన్లో మనోళ్ళంతా ఇటేపు నడక కట్టినారు. మేమూ కట్టినాం. మాయమ్మ ఒక సంకన నా సెల్లిని, ఇంకో సంకన పెద్దమ్మ కొడుకుని ఎత్తుకుంది. కొండలమ్మా, నీళ్ళు లేవు. నా సెల్లికి జొరమొచ్చీసింది. తెల్లారి సూస్తే కదల్లేదు. మా అయ్య కర్రతో గొయ్యి తవ్వినాడు. మాయమ్మ ఆ గొయ్యి కాడ కూకుండిపోనాది. లెగమంటే లెగదు. జనమంతా దాటిపోతన్నారు. అప్పుడా పిల్లోడు ఆకలికి గుక్కపట్టి ఏడిసినాడు. ఆ ఏడుపు ఇని మాయమ్మ లెగిసినాది. పాలిచ్చినాది. నడిసినాది."

జగ్గారావు వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇటొచ్చినాక, పిల్లోడిని అన్నకిచ్చీదాం అన్నాడు మా అయ్య. ఇచ్చీసిన రోజు నాను నూతిలో పడతానన్నాది మాయమ్మ. ఊరెలితే ఇవ్వాల. అందికని ఎల్లలేదు. తల్లీ పిల్లోడూ ఇద్దరూ పోనారని కబురెట్టినారు. నన్ను నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. మా అయ్య పోయీ ముందు ఏడిసినాడు రా, మా అన్నని మోసం సేసినానని. ఏడిసి మాత్రం ఏటి లాభం?"

"మా నాన్నకి తెలుసా?" అన్నాడు జగ్గారావు.

"తెలీదు. కన్నకొడుకు కంటే ఎక్కువగా సూసుకున్నారు. ఎలాగ తెలుస్తాది?"

"దాలయ్యకి?"

"సచ్చిందాకా తెలీదు."

జగ్గారావు వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఎవరూ వెనక వెళ్ళలేదు. త్రినాథ్ తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి అతనే లేచి బయటికి వెళ్ళి ఏదో అన్నాడు. వారిజకు వినిపించింది ఒక్క మాటే. "ఆదివారం నువ్వే పెట్టన్నయ్యా. నానమ్మ నీ బాబుకి పాలిచ్చి బతికించింది. కాదనడానికి నేనెవణ్ణి?"

జగ్గారావు తిరిగొచ్చి ఈసారి కుర్చీ జరిపాడు. "కూర్చో. వచ్చిన పని ఇదొక్కటే కాదు. అవునా?"

"కాదు చిన్నాన్నా." ఆమె మన్మథరావు గురించి, రక్తం గురించి చెప్పింది.

"పేర్లు అడక్కుండా తీసుకున్నావు. రక్తం అడక్కుండా తీసుకోలేవు గనక వచ్చావు."

వారిజ కళ్ళు దించుకోలేదు. "అవును. మిగతావన్నీ అడక్కుండానే దొరికి ఉంటే, వచ్చేదాన్నో కాదో నాకే తెలీదు."

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు లాంటిది కదిలింది. "నిజం చెప్పావు. ఫోన్లో కూడా చిన్నాన్నా అన్నావు. అప్పుడు కోపంలో ఉన్నాను గానీ తర్వాత ఆలోచించాను. ఏ లెక్కన అన్నావు?"

"అప్పన్న తాత మనవడైనా, దాలయ్య తాత మనవడైనా మీరు మా నాన్నకి తమ్ముడే కదండి. ఆ వరస మారదు."

జగ్గారావు చొక్కా చేయి పైకి మడిచాడు. "మా చెల్లెళ్ళు ముగ్గురూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. పిలుస్తాను. వాళ్ళని మాత్రం నువ్వే అడుగు."

నలుగురూ ఇచ్చారు. చిన్న చెల్లెలు సూదికి భయపడి కళ్ళు మూసుకుంది గానీ, చేయి వెనక్కి లాక్కోలేదు.

*

ఆ తర్వాతి రోజులు వారిజకు పండగ ముందు రోజుల్లా గడిచాయి. నలుగురి రక్తంలోని అక్షరాలన్నీ పూర్వదర్శినిలోకి వెళ్ళాయి. నల్లటి గీతల్లో చాలా భాగం నిండింది. అప్పన్న సంతానంతో కలిసే ముక్కలు దాలయ్యవని, కలవనివాటిలో ఆయన భార్యవి ఏవో, ఆయనవి ఏవో రెబ్కా లెక్క విడదీసింది. సన్యాసికి రాకుండా బర్మయ్యకు మాత్రమే వచ్చిన వాటిని, గుండె కండరంలో పనిచేసే వాటిని ఏరుకుంటూ పోయారు. చివరికి ఒకటి మిగిలింది. పదకొండో జతలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని చిన్న జన్యువు. అందులో ఒక అక్షరం మారి ఉంది.

నిజమా కాదా తేలడానికి ఒకటే దారి. మన్మథరావు రక్తం నుంచి గాజు పళ్ళెంలో గుండె కణాలు పెంచారు. సూక్ష్మదర్శినిలో అవి కొట్టుకోవడం కనిపించేది. ఒకటి ముందు, ఒకటి వెనక, మధ్యలో ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలు. ఆ కణాల్లోకి దాలయ్య అక్షరం రాసి పంపారు.

కొన్నాళ్ళకు మధ్యాహ్నం భోజనం చేస్తుంటే రెబ్కా వచ్చి ఆమె చేయి పట్టుకుని, ఎంగిలి చేత్తోనే లాక్కుపోయింది.

"చూడు."

వారిజ సూక్ష్మదర్శిని మీదికి వంగింది. పళ్ళెంలో కణాలన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. ఒక్కసారి విచ్చుకున్నాయి. మళ్ళీ ముడుచుకున్నాయి. కోలాటంలో కర్రలన్నీ ఒకే దెబ్బకు కలిసినట్టు, తడబాటు లేకుండా, ఆగకుండా. ఎంతసేపు చూసినా ఆగలేదు. తన చేయి కూడా అదే లయకు బల్ల మీద తడుతోందని ఆమె గమనించలేదు.

ముందుగా ఫోన్ చేసింది ఖరగ్‌పూర్‌కు.

"చిన్నాన్నా, దొరికింది. మీలో ఉంది. మీ పెద్ద చెల్లెల్లో కూడా ఉంది."

"నాలోనా?" అన్నాడు జగ్గారావు. "ఇన్నేళ్ళూ మోసుకు తిరిగాను, నాకే తెలీకుండా. మన్మథకి చెప్పావా?"

"లేదు. ముందు మీకే చెప్పాలనిపించింది."

అనుమతులు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో మన్మథరావు రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. రెండోసారి కస్తూరి వారిజను కారిడార్లో పట్టుకుని, "నీ యంత్రాన్ని తొందరపెట్టమ్మా" అని ఏడ్చింది. చివరికి ఒక గురువారం మందు ఎక్కించారు. మూడో నెల పరీక్షలో గుండె గోడ ఇంకా మందం కాలేదని తేలింది. ఆరో నెలకి మందం తగ్గడం మొదలైంది. డాక్టరు ఆ చిత్రాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

*

మన్మథరావును చూడటానికి జగ్గారావు విశాఖ వచ్చాడు. త్రినాథ్ కూడా వచ్చాడు, సంచీలు తనే మోసుకుంటూ. కంచరపాలెం ఇంట్లో ఆ పగలంతా మాటలే. మన్మథరావు అన్నం తానే వడ్డిస్తానని పట్టుబట్టి, "నీ పుణ్యాన నిలబడ్డాను చిన్నాన్నా, కాదనకు" అంటూ జగ్గారావు విస్తరిలో వద్దన్నా వేశాడు.

సాయంత్రం జగ్గారావు ప్రయోగశాల చూస్తానన్నాడు. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా చెట్టు తెరువమ్మా. ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఇప్పుడు నేనే దిద్దుతాను."

వారిజ తెరిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, బర్మయ్య పేరు నుంచి దాలయ్యకు ఒక గీత గీశాడు. అప్పన్నకున్న పాత గీతను తీయలేదు. ఇద్దరు తండ్రులను ఒప్పుకోనని సైటు మొరాయించింది.

"ఒక మనిషికి ఒక తండ్రేనట" అన్నాడు త్రినాథ్.

"ఇటివ్వండి మాస్టారూ" అని రెబ్కా కూర్చుని, మన యంత్రంలో అయితే మన నియమాలే అంటూ చెట్టును పూర్వదర్శినిలోకి తెచ్చి, కాసేపట్లో రెండు గీతలూ నిలిచేలా చేసింది. కన్న తండ్రికి ఒకటి, పెంచిన తండ్రికి ఒకటి. రెండూ సమానమైన మందంతో ఉన్నాయి.

జగ్గారావు ఇంకా లేవలేదు. అప్పన్న కింద, పైడమ్మ పక్కన కొత్తగా ఒక ఖాళీ గడి తెరిచాడు. జేబులోంచి ఫోన్ తీసి ఖరగ్‌పూర్‌కు కలిపాడు.

"అత్తా, నేను జగ్గుణ్ణి. దారిలో పోయిన నీ చెల్లెలి పేరేటి?"

అవతల పైడమ్మ వెంటనే చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఎవరూ అడగలేదు, ఎవరూ పలకలేదు.

"నీలమ్మ" అంది చివరికి. "నీలీ అని పిలిసీవోళ్ళం. ఎందుకురా?"

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"రాశానత్తా. నీ పక్కనే రాశాను."

"ఏటని రాసినావు? సదువు."

జగ్గారావు ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకుని, బడిలో హాజరు పిలిచినంత స్పష్టంగా చదివాడు. "రౌతు నీలమ్మ. అప్పన్న కూతురు. పైడమ్మ చెల్లెలు."

"ఇంకోపాలి సదువు" అంది పైడమ్మ.

ఆయన మళ్ళీ చదివాడు.